వాన పడని రోజుల లెక్క

మొన్న పక్క ఊరి బడిలో ఏదో సభ పెట్టి, చుట్టుపక్కల ముసలివాళ్లను కూడా పిలిచి ముందు వరుసలో కుర్చీలు వేశారు. వేదిక మీద కండువా కప్పించుకున్న ఒకాయన మైకు పట్టుకుని, "ప్రపంచానికి సున్నను ఇచ్చింది మనమే" అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. చప్పట్లు బాగున్నాయని ఆయన అదే మాట మళ్లీ అన్నాడు. వాళ్లు మళ్లీ కొట్టారు. నాకు కూర్చోబుద్ధి కాలేదు. కర్ర ఆనించి లేచి, "సారూ, ఇచ్చినం సరే. సున్న అంటే ఏందో జర పిల్లలకు చెప్పున్రి" అన్నాను.

ఆయన నవ్వాడు. "సున్న అంటే ఏమీ లేకపోవడం, తాతా. కూర్చో."

కూర్చున్నాను. మోకాళ్ల నొప్పికి కూర్చున్నాను గాని ఆయన మాట ఒప్పుకుని కాదు. ఇంటికి వచ్చి అన్నం తిన్నా ఆ కోపం దిగలేదు. ఏమీ లేకపోవడం గొర్రెకు కూడా తెలుసు. గడ్డి లేనిచోట అది తలెత్తి అరుస్తుంది. దానికోసం ప్రాచీన నాగరికతలు అక్కరలేదు. సున్న అంటే వేరే. ఆ సంగతి నాకు ఏ బడీ చెప్పలేదు, నేను ఏ బడికీ పోలేదు. మా బాపు, మా అవ్వ చెప్పారు. ఇద్దరికీ ఒక్క అక్షరం రాదు.

మాది ఆత్మకూర్‌కు పొద్దున్నే నడక మొదలుపెడితే ఎండ ముదిరేలోపు చేరే దూరంలో ఒక మెట్ట ఊరు. కృష్ణ దగ్గరే, కాని ఏరు ఎక్కడో లోతున పారేది, మేము రాళ్ల మీద ఎండేవాళ్లం. గొర్రెలు మా బతుకు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను పెంచింది అవ్వ, అంటే బాపును కన్నతల్లి. ఇల్లంటే మేం ముగ్గురం, బయట మంద.

ఇరవై ఏళ్ల వయసులో నందికొండకు పోయి డ్యాం పనిలో రెండేళ్లు రాళ్లు మోశాను. నా చదువంతా, అక్షరాలైనా అంకెలైనా, అక్కడే. రాళ్ల మీద తెల్ల రంగుతో అంకెలు వేసేవారు. అవి చూసి చూసి తొమ్మిదింటినీ పట్టాను. పదో దాన్ని పట్టడానికి ఆర్నెల్లు పట్టింది. మేస్త్రీ ఒకరోజు నా చేతికి రంగు బ్రష్షు ఇచ్చి నూట అయిదో రాయి మీద అంకె వేయమన్నాడు. నూరు రాసి, పక్కన అయిదు రాశాను. మేస్త్రీ చూసి నడుం పట్టుకుని నవ్వాడు. "ఓరి నీ తెలివి తెల్లారా, వెయ్యి అయిదు అయింది గదరా! మనం నూరు రాళ్లు మోసెటాలకే నడుములు పోతున్నయ్. ఒక్క దినంల వెయ్యి ఎక్కిచ్చినవ్!"

నాకు నవ్వు రాలేదు. నూరు నూరే, అయిదు అయిదే, పక్కపక్కన పెడితే వెయ్యి ఎట్లా అవుతుంది? ఇందులో అన్యాయం ఉందని వాదించాను. నీళ్లలో మునగబోయే పాత కాలపు ఊరిని అదే రోజుల్లో పక్కనే తవ్వుతుండేవారు. శిథిలాలు, బొమ్మలు, రాతలున్న స్తంభాలు బయటపడేవి. ఆ స్తంభాల మీద పదికి ఒక గుర్తు, ఇరవైకి ఇంకో గుర్తు, నూరుకు మరో గుర్తు ఉండేవని, సున్న మాత్రం లేదని చాలా ఏళ్లకు పుస్తకంలో చదివాను. చదివిన రోజు మేస్త్రీ బతికి ఉంటే పోయి చూపించేవాణ్ణి. నూరు గుర్తు పక్కన అయిదు గుర్తు పెడితే నూట అయిదే అయ్యే కాలం ఒకటి ఉంది. నాది తప్పు కాదు, నేను కొంచెం ఆలస్యంగా పుట్టాను, అంతే.

రెండేళ్లకు మంద వెనక బాపు ఒక్కడే చాలడం లేదని కబురొస్తే ఇంటికి వచ్చేశాను. ఆ మరుసటి ఎండాకాలంలో నందికొండ దిక్కునుంచి ఒక ఓవర్సీయర్ వచ్చాడు. పైన ఎక్కడెక్కడ ఎంత వాన పడుతుందో తెలిస్తేగాని కింద డ్యాంకు ఎంత నీరు వస్తుందో తెలియదట. అందుకని ఊరి బయట గట్టు మీద ఒక వానకొలత డబ్బా పాతారు. పైన గరాటు, లోపల సీసా, దానితోపాటు గీతలున్న ఒక సన్నని గాజు గ్లాసు. చుట్టూ ముళ్లకంప. ఊళ్లో అంకెలు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి గ్లాసు, రిజిస్టరు, పెన్సిలు నాకిచ్చాడు.

"రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు చూడాలి. సీసాలో నీళ్లు గ్లాసులో పోసి ఏ గీత దాకా వచ్చిందో రాయాలి. నెలకోసారి పోస్టుకార్డు వేయాలి" అన్నాడు. అంతలో ఆత్మకూర్ బస్సు వచ్చింది, ఆయన పరుగెత్తాడు. నీళ్లు లేకపోతే ఏం రాయాలో అడుగుదామని నోరు తెరిచేసరికి బస్సు దుమ్ము నోట్లో పడింది.

మృగశిర కార్తెలో మొదటి వాన పడింది. ఎంత గర్వంగా రాశానో! మరునాడు ఎండ. సీసా పొడిగా ఉంది. ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని ఆ రోజు గడిలో సున్న పెట్టబోయాను. జొన్నలు చెరుగుతున్న అవ్వ చాట పక్కన పెట్టి లేచి వచ్చింది.

"ఏం గీస్తున్నవ్ రా?"

"ఇయ్యాల వాన లేదు గదవ్వా. సున్న పెడుతున్న."

"వానకా? వానకు సున్న చుడతవా? నీ చేతులిరగ! ఇంట్ల ఉప్పు అయిపోతేనే అయిపోయిందనం, నిండుకున్నదంటం. వడ్లు కొలిచెటోడు ఒకటి అనడు, లాభం అంటడు. నువ్వు సక్కగ మొగులుకే సున్న చుడతివి. ఆ కాయితం యాడికి పోతది?"

"సర్కారుకు."

"అయ్యో నా కొడుకా! గీ ఊర్ల వాన లేదని సర్కారుకు చెప్తవా? వాళ్లు రాసుకుంటరు. ఒక్కసారి రాసుకున్నంక సర్కారోళ్లు మళ్ల కొట్టేస్తరా? అదే ఖాయమైతది."

సర్కారు గురించి అవ్వకు తెలిసింది అంతే, కాని ఆ తెలిసింది తప్పని ఈనాటికీ చెప్పలేను. "మరి ఏం రాయాలె?" అన్నాను.

"ఏం రాయకు. ఇడిచిపెట్టు. వాన వచ్చి కూసోనికి జాగా ఉండాలె గద."

పాతికేళ్లు కూడా నిండని నాకు, డ్యాం కట్టి వచ్చిన నాకు, ఆ మాట బ్రహ్మాండంగా నచ్చింది. గడి ఖాళీగా వదిలేశాను. అప్పటినుంచి వాన పడిన రోజు అంకె రాశాను, పడని రోజు వదిలేశాను. పొద్దున్నే పోవడం మాత్రం ఒక్కరోజు తప్పలేదు. ఎనిమిదిన్నరకు వచ్చే ఆత్మకూర్ బస్సు హారన్ వినబడగానే గట్టు ఎక్కేవాణ్ణి. సీసా తీసి, తలకిందులు చేసి, ఒక్క చుక్కైనా రాలుతుందేమోనని చూసి మళ్లీ పెట్టేవాణ్ణి. నెల చివర కార్డు మీద వాన పడిన రోజులు మాత్రం రాసి వేసేవాణ్ణి. ఆ కార్డు చూసి ఒక్కరైనా ఇదేంటని అడగలేదు. ఆఫీసు కాగితాలను అవసరం పడితే తప్ప ఎవరూ చూడరు. అవసరం పడ్డ రోజున రాసినవాడి మెడ పట్టుకుంటారు.

ఆ ఏడు అవసరం పడింది.

మృగశిరలో ఒకటి, ఆరుద్రలో రెండు, తర్వాత పేరుకు రెండు. అంతే వానలు. జొన్న మోకాలెత్తు లేచి వంగిపోయింది. బీళ్లలో గడ్డి వేళ్లతో సహా గొర్రెలు గీకేశాయి. మందలో సగానికి పైగా సూడివి. కడుపుతో ఉన్న గొర్రె డొక్కలు ఎండితే ఎట్లా ఉంటుందో చూసినవాడికి చెప్పనక్కరలేదు, చూడనివాడికి చెప్పలేను. దక్కే దారి ఒక్కటే. తూర్పున నాలుగు రోజుల నడక దూరంలో సర్కారు అడవి ఉంది. మామూలుగా అందులోకి గొర్రెను తోలితే కేసు. కరువు ఊరని రాస్తే మాత్రం ఆ ఊరి మందలకు తెరుస్తారు. అట్లా రాయాల్సినవాడు గిర్దావర్, అంటే పది ఊళ్ల పంటలూ పరిస్థితీ చూసి పైకి రాసే అధికారి.

పుబ్బ కార్తెలో ఆయన వచ్చాడు. చావడి ముందు వేపచెట్టు నీడన నులకమంచం వేశాం. ఊళ్లో గొర్రెలున్న ఇళ్లవాళ్లంతా చేరారు. ఆయన ఎండిన చేను చూశాడు, మందల డొక్కలు చూశాడు, తల ఊపాడు. "మంచిది. మీ ఊరికి వాన డబ్బా ఉన్నది గద. రిజిస్టరు తెండ్రి. ఎన్ని దినాలు వాన పడలేదో నేను రాసుకపోతా. అది ఉంటే పైన ఎవరూ మాట్లాడరు" అన్నాడు.

అందరూ నా దిక్కు గౌరవంగా చూశారు. నేను గొంగడి మడతలోంచి రిజిస్టరు తీసి రెండు చేతులతో అందించాను. ఆయన తిప్పాడు. వెనక్కి తిప్పాడు. మళ్లీ ముందుకు తిప్పాడు.

"గిది ఎవరు రాసిండ్రు?"

"నేనే సారు."

"అయిదు దినాలు రాసినవ్. మిగిలిన దినాలు ఏమైనయ్?"

"వాన లేదు సారు."

"లేదని యాడ రాసినవ్?"

"లేనిదాన్ని ఏం రాస్తం సారు?"

ఆయన కళ్లజోడు తీశాడు. "ఖాళీ చూస్తే నాకు రెండు తీర్ల సమజైతది. ఒకటి, వాన పడలే. రెండు, నువ్వు పండుకున్నవ్. గీ రెంట్ల ఏది నిజమో గీ కాయితం చెప్తలేదు. పైన అడిగితే ఏం చూపాలె? నీ మొకం చూపాల్నా?"

"ఒక్క దినం తప్పలే సారు, రోజూ పోయి చూసిన…"

"అదే గదయ్యా సున్న పెట్టుమనేది! సున్న ఉంటే మూడు మాటలున్నట్టు. పోయినవ్, చూసినవ్, లేదు. ఖాళీల ఒక్క మాట గూడ లేదు."

మా వెనకింటి కాకయ్యకు నూట ఇరవై గొర్రెలు. ఆయన తలపాగా విప్పి దులిపాడు. "బడికి పోనోనికి బుక్కు ఇస్తే గిట్లనే అయితది సారు. గొర్రెకు గొంగడి కప్పినట్టు."

ఒకరిద్దరు నవ్వారు. నవ్వనివాళ్ల మొహాలు చూడలేకపోయాను. అవ్వ చెప్పిందని చెప్పడానికి నోరు రాలేదు. అక్షరాలు వచ్చినవాణ్ణి నేను, ఆమె కాదు.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు పోతాను. తర్వాతి కాలంలో మహబూబ్‌నగర్ గ్రంథాలయంలో బెంచీ మీద కూర్చుని సున్న గురించి దొరికినదంతా చదివాను. వేల ఏళ్ల కిందట బాబిలోనియాలో తడి మట్టి పలకల మీద పుల్లతో నొక్కి లెక్కలు రాసేవారట. మధ్యలో ఏ స్థానమైనా లేకపోతే ఖాళీ వదిలేవారట. ఆ ఖాళీ కావాలని వదిలిందో, చెయ్యి జారిందో చదివేవాడికి తెలిసేది కాదు. కొన్ని వందల ఏళ్లు అట్లా తన్నుకుని, చివరికి ఆ ఖాళీలో రెండు ఏటవాలు గుర్తులు నొక్కడం మొదలుపెట్టారు. 'ఇక్కడ చూశాను, ఇక్కడ లేదు' అని దాని అర్థం. అది చదివి బెంచీ మీద గట్టిగా నవ్వితే గ్రంథాలయం ఆయన కసిరాడు. నవ్వక ఏం చేయను? అంతటి బాబిలోనియా గుమాస్తాలు చేసిన తప్పే నేనూ చేశాను. వాళ్లు దిద్దుకోవడానికి వందల ఏళ్లు తీసుకున్నారు. నాకు ఒక్క పగటిపూట కూడా దొరకలేదు, గిర్దావర్ అప్పటికే సైకిలు దిక్కు చూస్తున్నాడు.

అప్పుడు బాపు లేచాడు. అధికారుల ముందు బాపు మాట్లాడటం నేను అంతకుముందు చూడలేదు. తల గోక్కుంటూ మంచం దగ్గరికి వచ్చాడు.

"సారూ, నాకు కాయితం తెల్వది. దినాలు తెలుసు."

భుజాన ఉన్న సంచిలోంచి ఒక ఉన్ని తాడు ఉండ తీశాడు. గిర్దావర్ చూసి, "గిదేంది, మొలతాడా?" అన్నాడు. ఈసారి అందరూ నవ్వారు. బాపు కూడా నవ్వాడు.

ఆ తాడు నాకు పుట్టినప్పటినుంచి తెలుసు. బాపు మంద వెనక నడుస్తూనే ఉన్ని వడికేవాడు. పొట్టేలును మందలోకి వదిలిన రోజు ఒక కొత్త తాడు మొదలుపెట్టి, పొద్దు గూకేటప్పుడు రోజుకో ముడి వేసేవాడు. ఎన్ని ముళ్లకు గొర్రె ఈనుతుందో ఆయన వేళ్లకు తెలుసు. వాన పడిన రోజు ముడిలో ఒక నల్ల ఉన్ని పోగు పెట్టి బిగించేవాడు. కొత్త వానకు మొలిచిన లేతగడ్డి తింటే గొర్రెకు చిటుక రోగం వస్తుంది, పొద్దున మేసింది పొద్దు గూకేసరికి పడిపోతుంది. వాన పడి ఎన్ని రోజులైందో తెలిస్తేగాని మందను ఆ గడ్డి మీదికి తోలరు. ఇదంతా నాకు తెలిసిందే. తెలిసి కూడా, ఆ తాడుకూ నా రిజిస్టరుకూ చుట్టరికం ఉందని ఒక్కరోజు తట్టలేదు. ఒకటి మంద పని, ఒకటి సర్కారు పని అనుకున్నాను.

"పొట్టేలును మొదటి వాననాడే ఇడిచిన సారు" అన్నాడు బాపు. "అప్పటిసంది ఏసిన. జర బుక్కు పట్టుకోమను మావోణ్ణి."

కళ్లు మూసుకున్నాడు. వేళ్లతో తాడు జరుపుతూ, "వాన" అన్నాడు. నేను మొదటి గడి మీద వేలు పెట్టాను. "ముడి. ముడి. ముడి…" ఒక్కో ముడికి ఒక్కో ఖాళీ గడి దిగాను. ఎనిమిది ముళ్లు పోయాక బాపు "వాన" అన్నాడు. ఎనిమిది ఖాళీలు దాటి నా వేలు అంకె మీద ఆగింది. గిర్దావర్ కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. మూడో వాన కలిసింది. నాలుగోది కలిసింది. కాకయ్య కూడా బాపుతోపాటు "ముడి, ముడి" అనడం మొదలుపెట్టాడు.

అంతలో బాపు "వాన" అన్నాడు. నా వేలు కింద ఖాళీ ఉంది.

"గీడ లేదు" అన్నాడు గిర్దావర్.

బాపు ఆ ముడిని రెండు వేళ్ల మధ్య నలిపాడు. నల్లపోగు అక్కడే ఉంది. తీసేసి ఇంకోమాట చెప్పవచ్చు, ఆ పోగు ఆయన పెట్టిందే. "పడ్డది సారు. గా దినం మంద ఏటి దిక్కు ఉండె. ఆడ పడ్డది. ఊర్ల పడ్డదో లేదో నాకు తెల్వది."

"నువ్వేం చూసినవ్ ఆ దినం?" అని నన్నడిగాడు గిర్దావర్.

"సీసా బోర్లించి చూసిన సారు. చుక్క లేదు."

ఆయన ఇద్దరి దిక్కూ చూసి, మంచం మీద సర్దుకుని కూర్చున్నాడు. "కూడబలుక్కున్న లెక్కయితే అన్నీ కలుస్తుండె" అన్నాడు. "కానీ, ఇంక సదువు నీ తాడు."

చివరిదాకా చదివాడు బాపు. ఆఖరి వాన కలిసింది. దాని తర్వాత ముడి, ముడి, ముడి అంటూ పోతూనే ఉన్నాడు, ఎంతకూ ఆగలేదు. ఆయన గొంతులో ఆ ముళ్లు వినడమే ఒక కరువు చూడటం. తాడు అయిపోయేసరికి మందలున్న ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

"సదువొచ్చినోడు ఖాళీ ఇడిచిపెట్టిండు, సదువు రానోడు ముడి ఏసిండు" అన్నాడు గిర్దావర్ నా దిక్కు చూసి. "కూసో. నా ముంగట్నే ఒక్కో గడిల సున్న పెట్టు. ఇయ్యాల పెట్టినమని, తాడు చూసి పెట్టినమని నేను పక్కన రాసి దస్తకత్ చేస్తా. దొంగచాటు పని వద్దు."

పెన్సిలు తీసుకున్నాను. గడి మీద ఆనించి ఆపాను. జనం వెనక అవ్వ నిలబడి ఉంది. నేను ఆమె దిక్కు చూశాను. బాపుకు అప్పుడు అంతా అర్థమైంది.

"ఓ యమ్మ, నువ్వేనా గీనికి సున్న పెట్టొద్దన్నది?"

"నేనే అన్న. అయితే ఏంది?" అవ్వ కర్ర నేలకు తాటించి ముందుకు వచ్చింది. "పెడితే వాన రాదు."

"వాడు పెట్టలే గద ఇన్ని దినాలు. వచ్చిందా మరి?"

ఆమె కొడుకు ఆమెను మాటతో గెలవడం నా ఎరుకలో అదొక్కసారే. గిర్దావర్ నవ్వు దాచుకోవడానికి మీసం దువ్వుకున్నాడు. అవ్వ వంగి, రిజిస్టరులో ఖాళీ గడులను, ఆ పక్కన బాపు ఒళ్లో కుప్పగా పడి ఉన్న తాడును చూసింది. దూరంగా మా మంద అరుస్తోంది.

"పెట్టు" అంది. "మంచిగ గుండ్రంగ పెట్టు. వంకర పెడితే పైనోళ్లు సగమే నమ్ముతరు."

పెట్టాను. ప్రతి గడిలో, బాపు పక్కన ముళ్లు జరుపుతుంటే, ఒక్కొక్కటే. నేను రాసిన రాతల్లో అంత శ్రద్ధగా రాసింది ఇంకోటి లేదు.

పది రోజులకు అడవి తెరిచారని తలారి డప్పు వేసి చెప్పాడు. మందతో బాపు ఒక్కడే పోలేడు, నేను పోవాలి. మరి డబ్బా ఎవరు చూస్తారు? ఒక్కరోజు ఖాళీ పడ్డా ఒప్పుకోనని గిర్దావర్ వేలు చూపించి పోయాడు. కాకయ్య కూడా మా వెంటే వస్తున్నాడు. ఊళ్లో మిగిలినవాళ్లను అడిగితే ఆ రిజిస్టరు ముట్టుకోవడానికే భయపడ్డారు.

"నేను జూస్త తీ" అంది అవ్వ.

"నీకు రాయరాదు గదవ్వా."

"సున్న రాయనీకి ఏం సదువురా? పిడక కొట్టినట్టే గద."

ఒక పూట నేర్పాను. బతుకంతా పిడకలు కొట్టిన చెయ్యి, పెన్సిలును రోకలి పట్టినట్టు పట్టింది. మొదటి సున్న గడి దాటి పక్క నెలలోకి పోయింది. నాలుగోసారికి కుదిరింది. "నీళ్లుంటే మాత్రం నువ్వు రాయకు. ఎవరినన్న అంకెలు వచ్చినోళ్లను పిలువు" అని చెప్పి పోయాను. అంకెలు వచ్చినవాళ్లు ఊళ్లో ఎవరున్నారని అడగాల్సిన మనిషి అడగలేదు, చెప్పిన నాకూ తట్టలేదు.

అడవిలో ఇరవై ఆరు రోజులున్నాం. బాపు ముళ్లు వేస్తూనే ఉన్నాడు. అక్కడ ఆకు ఉంది, వాగులో చెలిమె తవ్వితే నీళ్లున్నాయి. రెండు ముసలి గొర్రెలు దారిలోనే పడిపోయాయి. తక్కినవన్నీ నిలిచాయి. ఉత్తర కార్తె చివరలో పడమర మొగులు నల్లబడి, మూడు రోజులు ఉరుములు వినపడ్డాయి. బాపు తాడు చేతపట్టుకుని, ఎన్ని రోజులకు గడ్డి ముదురుతుందో లెక్క చూసుకుని, ఆ తర్వాతే మందను వెనక్కి తిప్పాడు.

ఇంటికి రాగానే కాళ్లు కడుక్కోకుండా రిజిస్టరు తీశాను. గడి గడికీ సున్న. కొన్ని గుడ్డులాగా, కొన్ని చింతపిక్కలాగా ఉన్నాయి. ఒకటి కాగితం చిరిగేదాకా నొక్కింది, ఆ రోజు ఆమెకు ఏం కోపం వచ్చిందో. ఒక్కరోజు తప్పలేదు. కింద మాత్రం మూడు గడులు వరుసగా ఖాళీగా ఉన్నాయి. ఆ తర్వాత మళ్లీ సున్నలు.

"అవ్వా, గీ మూడు దినాలు పోలేదా?"

"ఎందుకు పోలే? మూడొద్దులు తడుసుకుంట పోయిన."

"మరి ఖాళీ ఎందుకున్నది?"

"వాన వస్తే కూసోనికి జాగా అని చెప్పలేదా నీకు?" అని అవ్వ మంచం కిందికి వంగింది. ఒక దవాఖాన మందుసీసా, ఇంకో సీసా, ఒక ఇత్తడి చెంబు వరుసగా బయటికి తీసింది. మూడింటికీ మూతికి గుడ్డ కట్టి, చుట్టూ పేడ మెత్తింది. "గిది మొదటి దినంది. గిది రెండోది. నడిమి దినం ఎక్కువ పడ్డది, సీస సాలలే, మిగిలింది గీ ఎర్రమూత సీసల పోసిన" అని నాలుగోది కూడా తీసింది. "చెంబుల మూడో దినంది. మట్టి గురిగిల పోస్తే పీలుస్తదని పోయలే. మీది గుడ్డ ఇప్పలే, ఒక్క చుక్క తాగలే. కొలువు ఇగ."

బాపు గడపలోనే కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. నేను గ్లాసు తెచ్చాను. ఒక్కో రోజు వానను ఒంపి, గీత చూసి, ఆ రోజు గడిలో రాశాను. అవ్వ పక్కనే కూర్చుని గీతల దిక్కు కన్నార్పకుండా చూసింది.

అటుతర్వాత చాలా చదివాను. మాయా అనే పాతకాలపు జాతివాళ్లు సున్నకు గుల్ల బొమ్మ వేసేవారట. సముద్రాల అవతల ఇంకో జాతి తాళ్ల మీదే లెక్కలు కట్టేదట, అక్కడ ముడి లేకపోవడమే సున్న అట. మా బాపు పద్ధతి దానికంటే గట్టిదని నా వాదన, ఎవరొచ్చినా వాదిస్తాను. మన దేశంలో చుక్క పెట్టి, ఆ చుక్కను గుండ్రం చేశారు. ఒక గుడి గోడ మీద పూలతోట కొలత చెప్పే అంకెలో ఆ గుండ్రం ఇప్పటికీ ఉందట. మంచిదే, గర్వపడాల్సిందే. కాని చప్పట్లు కొట్టించుకునే పెద్దమనిషి ఒక్కరోజైనా ఎండలో గట్టు ఎక్కి, పొడి సీసా బోర్లించి, 'చూశాను, లేదు' అని రాసి ఉంటే, సున్న అంటే ఏమీ లేకపోవడం అని పిల్లలకు చెప్పేవాడు కాదు.

కొలవడం అయిపోయాక కొలిచి పెట్టిన నీళ్లు పారబోయబోతే అవ్వ నా చెయ్యి పట్టుకుంది. మూడు రోజుల వానా చెంబులో కలిపి, వాకిట్లో నిలబడి ఒగరుస్తున్న సూడి గొర్రె ముందు పెట్టింది. అది మూతి పెట్టి అడుగుదాకా తాగింది. అవ్వ చెంబు తీసి, బోర్లించి, ఒక్క చుక్కైనా రాలుతుందేమోనని చూసింది.

"లేదు" అంది. "రాసుకో."